గంట రాకముందు మూడు దెబ్బలు

1984 జులై 9, సోమవారం

ఈ నోటుబుక్కు బళ్లో పిల్లలకు బహుమతి ఇవ్వడానికి కొన్నవాటిలో మిగిలింది. తొమ్మిది మందికే మార్కులు వచ్చాయి, పదోది నాకు దక్కింది.

ఈ రోజు స్టాఫ్ రూములోకి పోయేసరికి కృష్ణమ్మ టీచరు 'సీమ కిరణం' వారపత్రిక చదువుతోంది. నన్ను చూడగానే మడిచి ఒళ్లో పెట్టుకుంది. ఎనిమిదేళ్లుగా కలిసి పనిచేస్తున్నాం. ఇన్నేళ్లలో ఆమె నా దగ్గర దాచింది ఏదైనా ఉంటే అది చింతకాయ పచ్చడే. లాక్కుని చూశాను.

'మద్దిలేటి ముఠా: నిజచరిత్ర', ఏడో భాగం. ముప్పై అయిదేళ్ల కిందట నంద్యాల ఆళ్లగడ్డ దారిలో పత్తి బండ్లను కొట్టిన ముఠా కథ. నంద్యాల అంతా చదువుతోంది. మా ఆయన ఇమ్మానుయేలు, ఆసుపత్రిలో మందుల పొట్లాలు కడుతూ చదువుతాడు. నేనూ ఆరు భాగాలు చదివాను, అబద్ధమెందుకు, బాగుందనే అనుకున్నాను. బండికింత అని దారి సుంకం కట్టినవాళ్లకు ముఠా వాళ్లు కోడి ఈక ఇచ్చేవాళ్లట. ఈక ఎద్దుల కాడికి కట్టి ఉంటే ఆ బండి జోలికి ఎవరూ పోరట. ఆ ఈక సంగతి నిజమా అని ఒక్కసారైనా నాకు తోచలేదు.

ఏడో భాగంలో ఇలా ఉంది: "రాళ్లకొట్టాల చర్చిలో గంట కొట్టే సంజీవయ్య ముఠా మనిషి. బండ్లు సిరివెళ్ల దాటి రాగానే మూడుసార్లు గంట మోగించేవాడు. అదే మద్దిలేటికి సైగ."

సంజీవయ్య మా నాయన.

జులై 10

నేను నమ్మలేదు. ఒక్క ముక్క కూడా నమ్మలేదు. నమ్మలేదని రాసి పెట్టుకుంటున్నాను.

జులై 15, ఆదివారం

రాళ్లకొట్టాల పోయి వచ్చాను. బస్సులో ముప్పావు గంట.

నాయనకు డెబ్భై రెండేళ్లు. ఇప్పటికీ గంట తాడు లాగితే కాలి వేళ్ల మీద లేస్తాడు. చర్చి కట్టిన ఏడాది నుంచీ ఆయనదే ఆ పని. ఆరాధనకు ఒక రకంగా, పెళ్లికి ఒక రకంగా, చావుకు ఇంకో రకంగా కొడతాడు. చావుకైతే పోయినవాళ్లకు ఎన్నేళ్లో అన్ని దెబ్బలు, మెల్లగా, మధ్యలో ఎడం ఇచ్చి. పొలాల్లో వాళ్లు పని ఆపి లెక్కపెట్టుకుని, ఎవరు పోయిందీ అక్కడే తేల్చుకుంటారు. చిన్నప్పుడు ఒక తాత పోతే నాయన తొంభై ఒకటి కొట్టాడు. పిల్లలమంతా వేళ్లు చాలక కాలి వేళ్లు కూడా కలుపుకున్నాం.

ఆరాధన అయ్యాక పాస్టరు సుందరరాజు అయ్యగారు నన్ను పక్కకు పిలిచారు.

"అక్టోబరు పద్నాలుగున సంఘానికి యాభై ఏండ్ల పండగ గదమ్మా. ఆ పొద్దు గంట ఇంకొకరు కొడితే బాగుంటాదని కమిటీలో అంటాండారు."

"ఎందుకయ్యగారూ?"

"నువ్వు చదవలేదా?" అన్నారు. తర్వాత నేల చూస్తూ, "నేను నమ్మినానని కాదు. నమ్మేటోళ్లుండారు. అది అబద్ధమని ఏదన్నా ఆధారం పట్టుకరా. కమిటీలో నేనే నిలబడి మాట్లాడతా."

అమ్మ పోయాక నాయనే వండుకుంటున్నాడు. అన్నం తినేటప్పుడు తనే అన్నాడు, "పత్రికలో నా పేరు ఏసినారంట గదా చిన్నమ్మీ. తప్పుల్లేకుండా ఏసినారా?" ఆ మాట అని మజ్జిగ పోసుకున్నాడు. అడగాలని నోటిదాకా వచ్చింది. ఆరోగ్యం ఎట్లా ఉందని అడిగి వచ్చేశాను. ఊళ్లో అందరికీ నేను చిన్నమ్మినే, మా అమ్మానాయనలకు నేనొక్కదాన్నే అయినా.

అడగకపోవడానికి కారణం ఉంది. ముందు బయట సంగతులన్నీ తేల్చుకోవాలి. అదే పద్ధతి.

జులై 21, శనివారం

రచయిత ఎవరో కాదు, మా బడికి సుద్దముక్కలు, సిరా సీసాలు పంపే పుస్తకాల అంగడి గురుమూర్తి శెట్టిగారు. పత్రికలో మారుపేరు పెట్టుకున్నాడు కానీ ఊరందరికీ తెలుసు. తెలియనివాళ్లకు ఆయనే చెబుతాడు.

పోట్లాడదామనే పోయాను. ఆయన స్టూలు వేసి, సోడా తెప్పించి, "రా టీచరమ్మా, రా. ఎట్లుండాది నా సీరియలు?" అన్నాడు. సంజీవయ్య మా నాయన అన్నాను. పాపం, సోడా ఆయనకే అవసరమైంది.

"నాకు తెలీదమ్మా. దేవుని తోడు, తెలీదు. ఐనా నేను కల్పించింది కాదు అది. పదిమంది చెప్పినారు. పదిమంది ఒకే మాట చెప్తే నిజం కాకుండా యాడికి పోతాది?"

"ఆ పదిమంది ఎవరు?"

చీటీ మీద పేర్లు రాసిచ్చాడు. అందులో ఆరుగురు పోయారు. ఇద్దరు యాడుండారో తెలీదన్నాడు. మిగిలినవాళ్లు ఆళ్లగడ్డలో ఇద్దరు. పది రెండయ్యేసరికి నాకు కొంచెం ఊపిరాడింది.

జులై 28, శనివారం

ఆళ్లగడ్డ. ఎండ మాడ్చేసింది.

మొదట రంగనాయకమ్మ గారు. పత్తి వ్యాపారం చేసిన కుటుంబం, బజారులో పాత ఇల్లు. నేనెవరో చెప్పకుండానే అడిగాను. చరిత్ర రాస్తున్న టీచరునని చెప్పుకున్నాను. అబద్ధమేమీ కాదు.

"మా ఆయన బండ్లు గూడా ఉండె ఆ పొద్దు. చర్చి గంట టంగు టంగు టంగుమని మూడుసార్లు మోగె. అంతే, గుట్ట చాటు నుంచి మద్దిలేటి దిగె. తలకు ఎర్ర పాగా."

"మీరు చూసినారా అమ్మా?"

"నేనెట్ల చూస్తా? ఇంట్లో ఉంటి. అందరూ చెప్పినారు."

తర్వాత మహానందయ్య. అప్పట్లో నలభై ఏళ్ల బండివాడు, ఇప్పుడు కొడుకు సైకిలు షాపు ముందు నులక మంచం మీద కూర్చుని ఉంటాడు. ఈయన దగ్గర దాచబుద్ధి కాలేదు. సంజీవయ్య కూతుర్నని చెప్పాను.

ముసలాయన మంచం మీంచి లేచాడు. "సంజీవయ్య కూతురివా! ఆ పత్రికోనికి ఏం తెల్సు? మీ నాయన ముఠాకు సైగ చేయలేదమ్మా. దొంగలొస్తాండారు, పారిపోండ్రా అని మాకు సైగ చేసినాడు. మూడు గంటలూ మాకోసమే కొట్టినాడు. ఆ పొద్దు నేను బతికింది మీ నాయన పున్యాన!"

అక్కడే ఏడ్చేశాను. బజారు మధ్యలో, సైకిలు షాపు ముందు. ఆయన కొడుకు పంపు కొట్టడం ఆపి నీళ్లు తెచ్చిచ్చాడు.

జులై 29

పత్రికకు ఉత్తరం రాశాను, నాలుగు పేజీలు. "ఆనాడు ప్రాణాలకు తెగించి బాటసారులను కాపాడిన వీరుడు..." అని మొదలుపెట్టాను. ఇమ్మానుయేలుకు చదివి వినిపించాను. "బాగుంది లూదియా. మీ నాయన వింటే 'ఎవురే ఈయప్ప?' అంటాడు" అన్నాడు. మందులు కట్టేవాళ్లకు మంచి మాట చేదుగా ఉంటుందేమో.

స్టాంపు అంటించాను. రేపు డబ్బాలో వేయాలి.

ఆగస్టు 4, శనివారం

ఉత్తరం ఇంకా సంచిలోనే ఉంది. పోస్టాఫీసు దారిలో పడలేదు. అంటే, పడింది, తీరిక లేదు.

ఏడో తరగతి సాంఘికం పేపర్లు దిద్దుతున్నాను. కుందూ నది ఎక్కడ పుట్టింది? బాగా రాసిన పిల్లలు ఎవరి మాటల్లో వాళ్లు రాశారు. వెనక బెంచీ నలుగురు మాత్రం "కుందూ హిమాలయాలలో పుట్టి" అని రాశారు. నలుగురూ అదే వాక్యం. ఎవరు ఎవరిది చూసి రాశారో కనుక్కోవడం పదేళ్ల అనుభవంలో నాకు చిటికెలో పని. సరైన జవాబు నలుగురికి వస్తే చదివారనుకోవచ్చు. ఒకే తప్పు నలుగురికి వస్తే నలుగురు కాదు, ఒక్కడే రాశాడని అర్థం.

ఎర్ర సిరాతో సున్నా చుడుతూ ఉంటే చేయి ఆగిపోయింది.

గంట.

రాళ్లకొట్టాల చర్చికి గంట వచ్చింది నాకు పదేళ్లప్పుడు, 1961లో. మద్రాసు నుంచి రైల్లో నంద్యాలకు, అక్కడి నుంచి ఎద్దుల బండి మీద వచ్చింది. గంట పక్కన గడ్డిలో కూర్చుని ఊరేగింది నేనే. అంతకుముందు వేపచెట్టుకు వేలాడగట్టిన రైలు పట్టా ముక్క ఉండేది. నాయన దాన్ని సుత్తితో కొట్టేవాడు.

బండ్లు కొట్టింది 1949లో. అప్పుడు గంటే లేదు!

రంగనాయకమ్మ గారు గంట అంది. పత్రికలో గంట. పదిమందీ గంటే అన్నారని శెట్టిగారు అన్నాడు. అందరికీ ఒకటే తప్పు. పదిమంది సాక్షులు కాదు, ఎవరో ఒకరి పేపరు చూసి రాసిన పదిమంది. గెంతులేసినంత పని చేశాను.

తర్వాత గుర్తుకొచ్చింది. మహానందయ్య కూడా గంటే అన్నాడు.

ఆగస్టు 5

మహానందయ్యది వేరు. ఆయన అక్కడ ఉన్నాడు కదా. ముసలితనంలో పట్టాను గంట అనుకుని ఉంటాడు.

ఆగస్టు 11, శనివారం

మళ్లీ ఆళ్లగడ్డ పోయాను. "ఆ గంట ఎట్లుండె తాతా?" అన్నాను.

"ఇత్తడి గంట తల్లీ. ఎండకు తళతళ మెరుస్తాండె. మీ నాయన తాడు పట్టుకోని వేలాడతాండాడు."

నా మీద ప్రేమతోనే చెప్పాడు. మొన్న నేను ఏడిస్తే చూడలేక ఆ కథను తిప్పి నా చేతిలో పెట్టినట్టున్నాడు. హిమాలయాలు రాసిన పిల్లలకు సున్నా వేసి, ఈయనకు మాత్రం నూటికి నూరు ఎట్లా వేయను? మనకు నచ్చిన కథైనా, నచ్చని కథైనా దిద్దే సిరా ఒకటే.

బస్సులో ఉత్తరం చించాను. స్టాంపు మాత్రం ఊడబెరికి దాచుకున్నాను. వీరుడి కూతురిగా పద్నాలుగు రోజులు బతికాను. బాగానే ఉండింది.

ఆగస్టు 17

బంద్. బస్సుల్లేవు, బడి లేదు. ఇమ్మానుయేలు మిరపకాయ బజ్జీలు వేశాడు. సగం మాడ్చాడు.

ఆగస్టు 25, శనివారం

మొదటి పేపరు దొరికింది. ఎక్కడో కాదు, గడివేములలో.

రంగనాయకమ్మ గారిని "అందరూ" అంటే ఎవరు అని కార్డు రాసి అడిగితే, "బుర్రకథలో గూడా చెప్పినారు కదా" అని జవాబు రాయించింది. అలా తీగ లాగుతూ పోతే కమలాక్షమ్మ. 1963లో ఆళ్లగడ్డలో మద్దిలేటి బుర్రకథ చెప్పిన దళానికి ఆమె నాయకురాలు. ఇప్పుడు ముగ్గురు మనవరాళ్లతో వేరుశనక్కాయలు ఒలుస్తూ కూర్చుంది. గొంతు మాత్రం ఇప్పటికీ వీధి చివరికి వినబడుతుంది.

"గంట నేనే పెట్టినా. మీ ఊరి మీద పోతాంటే కొత్త గంట చూస్తి. అబ్బ, ఎంత బాగుండాది, కథలో ఏసుకుందాం అనుకుంటి. రైలు పట్టా ముక్క అంటే జనం నవ్వరా?"

"ఎర్ర పాగా?"

"నాదే."

"కోడి ఈక?"

"అది ఇంగొక ఊర్లో ఇంగొక దొంగది. ఈడికి తెచ్చుకుంటి." ఏమాత్రం సిగ్గుపడలేదు. "కథ చెప్పేదానికి సాక్ష్యం అడగరమ్మీ. రక్తి కట్టిందా లేదా అని అడుగుతారు."

"మరి సంజీవయ్య ముఠా మనిషి అన్నది?"

అప్పుడు చేతిలో కాయ కింద పెట్టింది. "పేరు నేను చెప్పలే. గంట కొట్టేవాడు అంటి, అంతే. పేరు జనాలు పెట్టుకున్నారు." మళ్లీ కాయ అందుకుంటూ, "మూడు దెబ్బలు మాత్రం నాయి కావు. అవి ఆ దినాల్లోనే అనుకుంటాండ్రి. నేను ఇనిందే" అంది.

వచ్చేటప్పుడు ఒడినిండా శనక్కాయలు పోసింది. కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు.

సెప్టెంబరు 1, శనివారం

గురుమూర్తి శెట్టిగారి అంగడిలో అంతా చెప్పాను. గంట వచ్చిన ఏడాది, బుర్రకథ, ఎర్ర పాగా. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. అబద్ధాన్ని అచ్చు వేశానని కాదు, ఈక పోయిందని బాధ.

"శెట్టిగారూ, ఆ పొద్దు బండ్లలో మీ తాతవి కూడా ఉండె అని మీరే రాసినారు. ఆయన ఏమీ రాసి పెట్టలేదా?"

చాలాసేపు తల గోక్కున్నాడు. తర్వాత ఇంట్లోకి పోయి ఒక రేకు పెట్టె తెచ్చాడు. అందులో వాళ్ల తాత తన తమ్ముడికి రాసిన కార్డు ఉంది. ఉన్నదున్నట్టు ఎక్కించుకున్నాను:

"7-4-1949. నిన్న బుధవారము మధ్యాహ్నము రాళ్లకొట్టాల వద్ద మన మూడు బండ్లను పదిమంది దొంగలు అడ్డగించి పత్తి దించుకొనిరి. మనుష్యులకు దెబ్బలు లేవు. అంతకు కొంచెము ముందు ఆ పల్లెలో ఇనుప పట్టా మీద మూడు దెబ్బలు వినబడెనని బండివారు చెప్పినందున పోలీసువారు అది కొట్టినవానిని పట్టుకొని పోయిరి."

"ఇది మీ కాడ ఉండంగా బుర్రకథ ఎందుకు రాసినారు?"

"ఇందులో ఏముందమ్మా?" అన్నాడు పాపం, నిజంగానే. "పాగా లేదు, ఈక లేదు, మద్దిలేటి పేరు గూడా లేదు."

నేను నవ్వలేకపోయాను. ఇది మర్నాడే రాసిన కాగితం. ఇందులో గంట లేదు, పట్టా ఉంది. అంటే ఎవరి పేపరూ చూసి రాసింది కాదు. ఇందులోనూ మూడు దెబ్బలు ఉన్నాయి. పైగా బుధవారం, ఆరాధన లేని రోజు, మిట్టమధ్యాహ్నం.

నాయన కొట్టాడు. అది నిజం.

సెప్టెంబరు 5

నాయన దగ్గరికి పోవాలి. తలనొప్పి.

సెప్టెంబరు 9, ఆదివారం

పోలేదు. ఇక్కడి చర్చికి కూడా పోలేదు. బట్టలు ఉతికాను. ఉతికినవే మళ్లీ ఉతికాను.

సెప్టెంబరు 16, ఆదివారం

ఇమ్మానుయేలు అన్నాడు, "నువ్వు ఊరంతా అడిగినావు, ఒక్క మనిషిని తప్ప." నువ్వు నోరు మూసుకో అన్నాను. మూసుకున్నాడు.

నాకు భయంగా ఉంది. రెండు నెలలుగా ఈ పుస్తకంలో పద్ధతి, పద్ధతి అని రాసుకుంటున్నది ఇదే. భయం.

సెప్టెంబరు 20

బుద్ధి లేనిదాన్ని. చావు దెబ్బలు!

మధ్యాహ్నం, ఆరాధన లేని రోజు పట్టా కొడితే చావుకే కొట్టి ఉండాలి. మూడు దెబ్బలంటే మూడేళ్ల బిడ్డ. ఆ రోజు ఊళ్లో మూడేళ్ల బిడ్డ ఎవరైనా పోయారేమో. సమాధుల రిజిస్టరు పాస్టరుగారి బీరువాలో ఉంటుంది. శనివారం పోతాను. దేవా, తప్పయితే క్షమించు, ఒక బిడ్డ చనిపోయి ఉండాలని కోరుకుంటున్నాను.

సెప్టెంబరు 22, శనివారం

రిజిస్టరు చూశాను.

ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

1949 ఏప్రిల్ 7, గురువారం భూస్థాపన. చనిపోయినది 6న. పేరు: కృపావతి. వయసు: 5. తండ్రి: సంజీవయ్య. తల్లి: జీవమ్మ. కారణం: విషజ్వరం. చివరి గడిలో ఆనాటి పాస్టరు చిన్న అక్షరాలతో రాశారు: "తండ్రి హాజరు కాలేదు."

జీవమ్మ మా అమ్మ.

ఊరంతా నన్ను చిన్నమ్మి అని ఎందుకు పిలుస్తుందో ముప్పై మూడేళ్లు వచ్చాక, ఒక బీరువా ముందు నిలబడి తెలుసుకున్నాను. నాకు ఒక అక్క ఉండేది.

తర్వాత

నిద్ర రావడం లేదు కాబట్టి ఇది కూడా రాస్తాను. రాయకపోతే నేను కూడా రక్తి కట్టించినట్టే అవుతుంది. అక్కకు అయిదేళ్లు. చావు దెబ్బలైతే అయిదు ఉండాలి. బండివాళ్లు విన్నది మూడు. లెక్క కుదరలేదు.

సెప్టెంబరు 23, ఆదివారం

ముందు దేవమ్మవ్వ ఇంటికి పోయాను. ఊళ్లో అందరికంటే పెద్దది, కమిటీలో ఆమె మాటకు ఎదురు లేదు. ఏమీ చెప్పకుండా, "అవ్వా, మా అక్క పోయిన పొద్దు మా నాయన గంట కాడనే ఉండెనా?" అని వల వేశాను.

"గంట యాడిదే అప్పుడు! పట్టా గదా ఉండె" అని కసిరింది. ఆ తర్వాత నా మొహం చూసి, చేట పక్కన పెట్టింది. "ఎవురు చెప్పినారు నీకు? ఆ బిడ్డకు స్నానం పోసింది నేనే. మూడు దెబ్బలిని, ఇంగా రెండుండాయి గదా, ఏమాయెనని బయటికొచ్చి చూస్తి. మీ నాయన సుత్తి కింద పెట్టి చెట్టు మొదట్లో కూసోనుండె."

"ఇన్నేండ్లూ ఎందుకు చెప్పలేదవ్వా?"

"మీ యమ్మ చెప్పొద్దనె. ఆ తర్వాత ఎవురడిగినారు?"

నాయన చర్చి వెనక చెట్లకు నీళ్లు పోస్తున్నాడు. ఆయన పక్కన నేల మీద కూర్చున్నాను.

"నాయనా, కృపావతి గురించి చెప్పు."

చేతిలో చెంబు వంచినట్టే ఉంది. నీళ్లు కాళ్ల మీద పడుతున్నా చూసుకోలేదు. తర్వాత నా పక్కన కూర్చున్నాడు.

"అయిదు కొట్టాల. అయిదు నిండినాయ్ పాపకు. మొదటిది కొడితి. రెండోది కొడితి. మూడోది గూడా కొడితి. నాలుగో ఏట నుంచి పాప దినామూ నాతోనే వస్తాండె చిన్నమ్మీ. నేను కొడతా నాయనా, నేను కొడతా అని సుత్తి పిడి పట్టుకుంటాండె. నేను పైన పట్టుకుంటే పాప కింద పట్టుకుంటాండె. ఆ పిడే గదా నా చేతిలో ఉండేది. నాలుగోదానికి చేయి లేయలే."

చెంబు తీసి పక్కన పెట్టి, మళ్లీ చెప్పాడు.

"సాయంత్రం పోలీసులొచ్చిరి. ఎందుకు కొట్టినావురా అనిరి. బిడ్డ పోయింది సామీ అంటి. బిడ్డకెన్నేండ్లు అనిరి. అయిదంటి. చావుకైతే అయిదు కొట్టాల గదా, మూడేందిరా అనిరి. దానికి నా కాడ జవాబు లేకపోయె. అయిదో నాడు వదిలిరి. వచ్చేసరికి మట్టి ఆరిపోయుండె."

మూడేందిరా. నేనూ నిన్న రాత్రి అదే అడిగాను. ఇదే పుస్తకంలో.

నాయనను పట్టుకుని ఏడ్చాను. ఆయన నా వీపు నిమురుతూ, "పత్రికోని మీద ఏమీ అనొద్దు. ఆయప్ప అడిగినోళ్లు చెప్పింది రాసుకున్నాడు. నన్నెవురూ అడగలే, నేనెవురికీ చెప్పలే" అన్నాడు.

బస్సులో ఆలోచించాను. నాయన చెప్పాడు కాబట్టి నమ్మడం కాదు. మర్నాటి కార్డులో మూడు ఉంది. రిజిస్టరులో అయిదు, "తండ్రి హాజరు కాలేదు" ఉన్నాయి. దేవమ్మవ్వ అడగకుండానే పట్టా అంది, ఇంకా రెండు ఉన్నాయంది. అన్నిటికంటే పెద్ద ఆధారం ఇంకొకటి ఉంది. అబద్ధమాడే మనిషి అయితే ఆ పొద్దు పోలీసులకు బిడ్డకు మూడేళ్లని చెప్పి ఇంటికి వచ్చేసేవాడు. నాయన అయిదనే చెప్పాడు.

సెప్టెంబరు 29, శనివారం

కమిటీ. రిజిస్టరు బల్ల మీద పెట్టాను. గురుమూర్తి శెట్టిగారు కార్డు పట్టుకుని తానే వచ్చాడు, చర్చి లోపలికి ఆయన రావడం అదే మొదలు. చెప్పులు ఎక్కడ విడవాలో తెలియక చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. "నేను తప్పు రాసినా. వచ్చే వారం దిద్దుకుంటా" అన్నాడు అందరి ముందరా. బిడ్డ పేరు మాత్రం పత్రికలో వద్దని నాయన కోరాడు. సరేనన్నాడు.

కమిటీలో ఒకాయన ఇంకా గొణుగుతూ, "మూడుకు అయిదుకు..." అని మొదలుపెట్టాడు. దేవమ్మవ్వ చేతికర్ర నేలకు కొట్టింది. "నీ బిడ్డ చచ్చినప్పుడు నువ్వు లెక్క తప్పకుండా కొట్టప్పా, చూస్తాం" అంది. పాస్టరుగారు చెప్పిన మాట ప్రకారం నిలబడ్డారు కానీ మాట్లాడే అవసరం ఆయనకు రాలేదు. గంట నాయనే కొడతాడు.

అక్టోబరు 6

పత్రికలో చివరి పేజీలో చిన్న పెట్టెలో వేశారు. ఆరు వరుసలు. "ఆ దెబ్బలు ఆనాడు ఆ పల్లెలో సంభవించిన ఒక మరణానికి సంబంధించినవి. ముఠాతో సంజీవయ్య గారికి ఎట్టి సంబంధమూ లేదు." దాని పక్క పేజీలో మద్దిలేటి బొమ్మ, ఎర్ర పాగాతో. ఆ పాగా తీయించడం నా వల్ల కాదు. వరుసలు ఆరే అయినా ఆరూ నిజం.

కృష్ణమ్మ టీచరు ఆ పేజీ కత్తిరించి స్టాఫ్ రూము గోడకు అంటించింది. పచ్చడి కూడా తెచ్చింది.

అక్టోబరు 14, ఆదివారం

పండగ.

కొత్త పంచె కట్టుకుని నాయన గంట కొట్టాడు. కాలి వేళ్ల మీద లేచాడు. చర్చి పట్టనంత జనం. సిరివెళ్ల నుంచి, నంద్యాల నుంచి వచ్చారు. ఆళ్లగడ్డ నుంచి మహానందయ్యను కొడుకు సైకిలు మీద బస్టాండు దాకా తెచ్చి బస్సెక్కించాడట. ఆయన గంటను పరీక్షగా చూసి, "ఇదే, ఇదే" అన్నాడు. పోనీలే అనుకున్నాను.

ఆరాధన అయ్యాక అందరూ భోజనాలకు కదులుతూ ఉంటే నాయన చర్చి వెనక వేపచెట్టు దగ్గరికి పోయాడు. కొమ్మకు ఆ పాత పట్టా ముక్క వేలాడుతోంది. సామాన్ల గదిలోంచి ఎప్పుడు తీశాడో, ఎప్పుడు కట్టాడో నాకు తెలియదు. తుప్పు గీకి శుభ్రం చేశాడు. చేతిలో సుత్తి ఉంది.

"చిన్నమ్మీ, రా" అన్నాడు.

నేను పోయాను. పిడి కింద చూపించాడు, "ఈడ పట్టుకో."

పైన ఆయన చేయి, కింద నాది. ఒక దెబ్బ కొట్టాం. అది పోయి పోయి పొలాల్లో ఆరిపోయేదాకా ఆయన ఆగాడు.

"నాలుగు" అంది దేవమ్మవ్వ, నా వెనక.

ఇంకోటి కొట్టాం.

"అయిదు."

నాయన సుత్తి కింద పెట్టి, తువాలుతో మొహం తుడుచుకుని, "పదండి, అన్నం చల్లారిపోతాది" అన్నాడు. అంతే. ఆయన ముందు నడుస్తూ ఉంటే వెనక మేమంతా నడిచాం.

నేను ఒక్కసారి వెనక్కి తిరిగి చూశాను. దూరంగా చేలో ఒకామె కలుపు తీయడం ఆపి నిలబడి ఇటే చూస్తోంది. ఆమెకు రెండు దెబ్బలే వినిపించి ఉంటాయి. ఎవరి రెండేళ్ల బిడ్డో పోయిందనుకుని ఉంటుంది. వచ్చి అడిగితే చెబుతాను.